పెద్ద డ్రమ్ము పక్కన

మొన్న ఆదివారం ఆరాధన ముగించుకుని ఇంటికొచ్చి చారుకి పోపు వేస్తుంటే, మా అమ్మాయి ఫోన్‌కి ఒక వీడియో పంపింది. మనవరాలి మిడిల్ స్కూల్ ఆర్కెస్ట్రా. కచేరీ ఇంకా మొదలవలేదు. పిల్లలు కుర్చీలు జరుపుకుంటున్నారు, ఒకడు వయొలిన్ కమానుతో ముందువాడి వీపు గోకుతున్నాడు, టీచరమ్మ వాడి వైపు కళ్ళు ఉరుముతోంది. అంతలో రెండు జడల పిల్ల ఒకతి ఓబో అనే సన్నటి ఊదే వాయిద్యం పెదాల మధ్య పెట్టుకుని ఒక్క స్వరం పట్టింది. వణకకుండా, అలాగే పట్టి ఉంచింది. మిగతా పిల్లలందరూ ఆ స్వరానికి తమ తీగల్ని సరిచేసుకోవడం మొదలుపెట్టారు. అంతే, పోపు మాడింది. నా చెయ్యి నాకు తెలియకుండానే నెత్తి మీదికి వెళ్ళింది. ఇన్నేళ్ళయినా కచేరీకి ముందు వినిపించే ఆ ఒక్క స్వరం వింటే నాకు భయం వేస్తుంది. సంగీతం వింటే భయపడేవాళ్ళు ఉంటారా అని మా ఆయన నవ్వుతారు గానీ, ఏళ్ళ కిందటి ఆ కచేరీ సాయంత్రం ఆయన కూడా కారు తాళాలు గుప్పిట్లో పట్టుకునే కూర్చున్నారు.

మేం నార్త్ కరోలినాలోని మోరిస్‌విల్‌కి వచ్చినప్పుడు అది ఇప్పటిలా లేదు. ఇప్పుడు రోడ్డు దాటితే దోసెల పిండి దొరుకుతుంది, పార్కుకి వెళితే నాలుగు జిల్లాల తెలుగు వినిపిస్తుంది. అప్పుడు అన్నీ పైన్ చెట్లు, ఆఫీసులు, వాటి మధ్య మా అపార్ట్‌మెంట్లు. మా ఆయనది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నాది డిపెండెంట్ వీసా, అంటే దేశంలో ఉండొచ్చు, పని మాత్రం చేయకూడదు. నేను పుట్టి పెరిగింది గుంటూరు వైపు ఒక మిషన్ కాంపౌండులో. మా నాన్నగారు పాస్టరు. వాక్యం చెప్పడంలో ఆయనకి ఎంత శ్రద్ధో, క్వయర్ నేర్పడంలో అంతకు రెండింతలు. నాలుగు గొంతులు కలిపి పాడడం మా ఇంట్లో అన్నం, కూర, చారు, పెరుగు లాంటిది, ఒకటి తగ్గితే భోజనం చేసినట్టుండదు. నా గొంతు కాస్త బొంగురు కాబట్టి చిన్నప్పుడే ఆల్టోలో పడేశారు. ఆల్టో అంటే ఆడవాళ్ళలో కింది గొంతు. సోప్రానో వాళ్ళు పైన పాటని ఎగరేసుకుపోతుంటే, ఆల్టో వాళ్ళు కింద తలగడలా పట్టుకుని ఉంటారు. ఉన్నంతసేపూ ఎవరూ గమనించరు, లేకపోతే మాత్రం ఏదో వెలితిగా ఉందే అంటారు.

నన్ను ఆ ఆర్కెస్ట్రాకి పంపింది మా దగ్గరి లైబ్రరీలో కౌంటరు దగ్గర కూర్చునే ఆవిడ. పొడుగ్గా ఉండేది, కళ్ళజోడుకి పూసల గొలుసు. నేను ఎప్పుడూ పాటల పుస్తకాలే తీసుకెళ్ళడం చూసి, "పాడతావా?" అని అడిగి, గోడకి అంటించిన ప్రకటన చూపించింది. పక్క ఊరి సింఫనీ ఆర్కెస్ట్రాతో కలిసి పాడే కోరస్‌కి గొంతులు కావాలి. జీతం లేదు కాబట్టి వీసాతో పేచీ లేదు. సింఫనీ అనగానే షాండ్లియర్లు, ముత్యాల హారాలు ఊహించుకుని వెళ్ళాను. చూస్తే రిహార్సల్ ఒక హైస్కూలు భోజనశాలలో, టొమాటో సాసు వాసన మధ్య. పూర్వం ఆ ఊళ్ళో పొగాకు వేలాలు జరిగేవట. ఒక పళ్ళ డాక్టరు, ఒక బ్యాండు మాస్టారు, బట్టల మిల్లు గుమాస్తా ఒకాయన, వాళ్ళ భార్యలు కలిసి ఖాళీ పొగాకు గోదాములో ఈ ఆర్కెస్ట్రాని మొదలుపెట్టారట. ఘాటుకి ఊదేవాళ్ళు తుమ్మేవారట, తీగలవాళ్ళు నవ్వేవారట. పొగాకు ఆరబెట్టే బ్యారన్ల పక్కన పెరిగినదాన్ని, ఆ మాట వినగానే ఇదేదో మావాళ్ళదే అనిపించింది. ప్రపంచ యుద్ధంలోకి మగవాళ్ళు పోతే ఆడవాళ్ళే నడిపారు. చాలాకాలం నల్లవాళ్ళకి అందులో చోటు లేదు. వాళ్ళలో మొదట చేరిన ట్రంపెట్ మాస్టారు పక్కన చాన్నాళ్ళు ఎవరూ కూర్చోలేదని చెప్పేటప్పుడు పాతవాళ్ళు గొంతు తగ్గించేవారు. నేను చేరేనాటికి అందులో సగంమంది స్కూలు టీచర్లు. ఏటా స్కూలు పిల్లల్ని బస్సుల్లో పిలిపించి సంగీతం వినిపించేవారు, జూలైలో పార్కులో వాయించేవారు, వృద్ధాశ్రమాలకి వెళ్ళేవారు. ఊళ్ళో పెళ్ళయినా చావయినా వాళ్ళలోంచి నలుగురు వాయిద్యాలు పట్టుకుని బయల్దేరేవారు. మా వైపు సంఘం ఎలాగో, ఆ ఊరికి అది అలాగ.

ఇక ముసుగు సంగతి చెప్పాలి. మా సంఘాల్లో ఆడవాళ్ళు ప్రార్థన చేసినా, దేవుని పాట పాడినా నెత్తిన చెంగు కప్పుకుంటారు. ఎవరో బలవంతపెట్టి చేయించేది కాదు, చెప్పులు విడిచి లోపలికి వెళ్ళినట్టు చెయ్యి దానంతటదే లేస్తుంది. కోరస్ వాళ్ళకి నల్ల గౌను యూనిఫాం, చెంగెక్కడిది? నల్ల చున్నీ ఒకటి తెచ్చుకునేదాన్ని. దేవుని పాట వస్తే నెత్తికి, మామూలు పాట వస్తే భుజానికి. రిహార్సల్‌లో మూడు పాటలు మారితే మూడుసార్లు ఎక్కి దిగేది. నా పక్క కుర్చీలో ఒక రిటైరైన నర్సు ఉండేది. ఆవిడని నేను మనసులో ఆల్టో అమ్మమ్మ అనుకునేదాన్ని. "హనీ, నాకిక పుస్తకం అక్కర్లేదు. నీ నెత్తి చూస్తే చాలు, దేవుడి పాటో, ప్రేమ పాటో తెలిసిపోతోంది" అనేది. కండక్టరు, అంటే సన్నటి కర్ర ఊపుతూ అందరినీ నడిపించే మాస్టారు, ఒకరోజు నేను కప్పుకోవడం మర్చిపోతే కర్ర ఆపి, "ఆగండి, ఆల్టోలో ఒకరు ఇంకా తయారవలేదు" అన్నారు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆ నవ్వు సెప్టెంబరుకి ముందు సంగతి.

ఆ సెప్టెంబరులో న్యూయార్క్ జంట భవనాలు కూలాక ప్రతి చప్పుడికీ ఉలిక్కిపడేవాళ్ళం. ఎక్కడో పెట్రోలు బంకులో తలపాగా కట్టుకున్న మనిషిని కాల్చేశారని వార్త వచ్చింది. మా ఆయన కారు యాంటెన్నాకి అమెరికా జెండా కట్టి, లోపల అద్దానికి సిలువ వేలాడదీశారు. జెండా మనుషులకి, సిలువ దేవుడికీనా అని అడిగితే, "రెండూ మనుషులకే" అన్నారు. ఒకరోజు సిగ్నల్ దగ్గర పక్కన ఆగిన పికప్ ట్రక్కులోంచి ఒకతను నన్ను చూసి ఏదో అరిచాడు. నాకు సగమే అర్థమైంది, ఆ సగం చాలు. చెత్త పారేయడానికి కూడా జనం తిరిగే వేళ చూసుకుని వెళ్ళేదాన్ని. ఆరో తరగతి చదివే మా అమ్మాయి కారెక్కుతూ, "అమ్మా, నువ్వు కార్‌లో ఆ చున్నీ హెడ్ మీద పెట్టొద్దు, ప్లీజ్. పీపుల్ విల్ థింక్..." అని ఆగిపోయింది. ఏమనుకుంటారో అది చెప్పలేదు, నేను అడగలేదు. లైబ్రరీ ఆవిడ తమ్ముడు ఆ భవనాల్లో ఒకదాంట్లో పనిచేసేవాడు. అతని జాడ దొరకలేదు. కౌంటరు మీద అతని ఫొటో పెట్టుకుంది. మేం ప్రార్థన చేస్తున్నామని చెప్పాలని వెళ్ళాను. ఆవిడ నా ముఖం చూడకుండా పుస్తకాల మీద ముద్ర వేసి నా వైపు తోసింది. ఆ మాట చెప్పకుండానే పుస్తకాలు తీసుకుని వచ్చేశాను. ఆవిడ కోపంగా ఉంటే భయపడేదాన్ని కాదేమో. నన్ను చూసి ఆవిడే భయపడుతోందని ఆ తోసిన తీరులోనే తెలిసింది.

ఊళ్ళో ప్రతి చర్చీ తన ప్రార్థన తాను పెట్టుకుంది. కానీ అందరూ ఒక్కచోట కూర్చోవాలని జనానికి ఉంది, దానికి ఆర్కెస్ట్రా తప్ప వేరే చోటు లేకపోయింది. సీజన్ మొదట్లో వాయించాల్సిన నాట్య సంగీతాన్ని పక్కన పెట్టేసి, మాస్టారు లాటిన్‌లో మృతుల కోసం పాడే ప్రార్థన ఒకటి ఎంచుకున్నారు. టికెట్టు లేదు, తలా ఒక ఆహారం డబ్బా తెచ్చి గుమ్మం దగ్గర పెడితే చాలు. మొదటి నుంచి చివరిదాకా దేవుణ్ణి ఉద్దేశించి పాడేదే. అంటే నా లెక్కన, మొదటి నుంచి చివరిదాకా ముసుగు దిగదు. మొదటి రిహార్సల్‌లో ఎప్పటిలా కప్పుకున్నాను. నా ముందు వరుసలో ఇద్దరు సోప్రానోలు కుర్చీలు కొంచెం పక్కకి జరుపుకున్నారు.

మాస్టారు ఇంటికి ఫోన్ చేశారు. "నీ ముసుగు గురించి కొందరు నన్నడిగారు. నేను నిన్ను అది తీసెయ్యమనడం లేదు. నీకు ఇంకెవరి ద్వారానో తెలియకూడదని నేనే చెప్తున్నాను" అన్నారు. చివరి వరుసలో, ఓ మూల నిలబడితే అంతగా కనబడను, నాకూ నిమ్మళంగా ఉంటుందేమో ఆలోచించమన్నారు. ఆయన మంచితనానికి ఏడుపొచ్చింది. మా ఆయన విని, "ముసుగైనా తీసెయ్, పాటైనా మానెయ్. మన పిల్లకి తల్లి కావాలి, కచేరీ అక్కర్లేదు" అన్నారు. ఆయన గొంతు అంత సన్నగా వినడం అదే మొదటిసారి. శనివారం మా ప్రార్థన కూడికలో అడిగితే, పెద్ద బ్రదర్ గారు ఇంకో చిక్కు తెచ్చారు. "సిస్టర్ గారూ, ముసుగు తర్వాత సంగతి. చనిపోయినవాళ్ళ కోసం ప్రార్థన మన సంఘంలో ఉందా అసలు?" నేను ప్రాణభయంతో వణుకుతుంటే ఆయన సిద్ధాంతం దగ్గర ఆగారు. బతికున్నవాళ్ళ కోసం అనుకుని పాడతాలెండి అన్నాను. ఆయన భార్య నవ్వాపుకోలేక వంటింట్లోకి వెళ్ళింది.

ఆల్టో అమ్మమ్మ ఒక పెద్ద వెండి సిలువ తెచ్చి నా చేతిలో పెట్టింది. "చున్నీ మీదుగా వేసుకో, హనీ. చివరి వరుస వాళ్ళకి కూడా కనబడుతుంది." ఆవిడ ప్రేమతోనే తెచ్చింది. ఇంటికి తెచ్చుకుని అద్దం ముందు వేసి చూసుకున్నాను. అప్పుడు మా కింది అంతస్తులోని హైదరాబాదు అమ్మాయి గుర్తొచ్చింది. రంజానుకి నాకు షీర్ ఖుర్మా పంపే పిల్ల, ఆ వారాల్లో కిటికీ తెర కూడా తీయడం మానేసింది. నేను సిలువ చూపించి ఒడ్డెక్కితే, ఆ పిల్ల ఏం చూపించాలి? రక్షకుడు ఆ గుర్తు మోసింది ఇందుకా? మర్నాడు అమ్మమ్మకి ముద్దుపెట్టి దాన్ని తిరిగి ఇచ్చేశాను. ఆవిడకి అర్థం కాలేదు, అయినా తీసుకుంది.

ఫోన్ కార్డు గీకి నాన్నగారికి చేశాను. గీత దాటకుండా బతికిన మనిషి, వాక్యం ఎత్తి ధైర్యం చెబుతారనుకున్నాను. ఆయన అంతా విని, "నువ్వు పాడేది ఆల్టోనే కదమ్మా?" అన్నారు. అవునన్నాను. "జీవితమంతా క్వయర్లు నడిపాను తల్లీ. ఆల్టో వైపు చూసినవాణ్ణి ఒక్కణ్ణి చూడలేదు." నవ్వాను, నవ్వుతూ ఏడ్చాను. అప్పుడాయన నెమ్మదిగా, "భయంగా ఉందని తీస్తే దేవుడు కోప్పడడు. కానీ గొంతు పట్టేస్తుంది. గొంతు పట్టేశాక పాడి ఏం లాభం? నీకు ఎలా పాట వస్తుందో అలా నిలబడు" అన్నారు. భయపడకు అనే మాట లేఖనాల్లో దేవుడు అన్నిసార్లు ఎందుకు రాయించాడో ఆ రోజు నాకు తెలిసింది. ఒకసారి చెబితే వినే జీవి కాదు మనిషి.

కచేరీ ఆదివారం సాయంత్రం. మా ఆయన మానమన్నవారు కాస్తా, పిల్లని ప్రార్థన కూడిక అక్కగారింట్లో దింపి, నాతో బయల్దేరారు. కారు ముక్కు రోడ్డు వైపు ఉండేలా పార్క్ చేశారు. గుమ్మం దగ్గర డబ్బాలు నడుమెత్తు గుట్టగా ఉన్నాయి, మేమూ శనగల డబ్బా ఒకటి పెట్టాం. పోలీసాయన నా సంచి తెరిపించి, నా చున్నీ తీసి, దులిపి, మడతపెట్టి తిరిగి ఇచ్చాడు. మర్యాదగానే ఇచ్చాడు. హాలు కిటకిటలాడుతోంది. ముందు వరుసల్లో ఊరి అగ్నిమాపక దళం వాళ్ళు యూనిఫాంలతో కూర్చున్నారు. వాళ్ళ వెనకే లైబ్రరీ ఆవిడ. మా ఆయన మధ్యదారి పక్క సీట్లో, తలుపుల వైపు చూస్తూ. నేను చివరి వరుస మూలకి వెళ్ళాను. వెళ్ళాక గానీ తెలియలేదు, మాస్టారు మంచి మనసుతో నన్ను ఎక్కడ నిలబెట్టారో. నా పక్కన మనిషంత ఎత్తు పెద్ద డ్రమ్ము.

ఓబో ఆ ఒక్క స్వరం పట్టింది. చున్నీ కప్పుకున్నాను. ఆ కదలికకి ముందు వరుసలో రెండు మూడు తలలు ఎత్తి చూశాయి. మొదటి భాగం మెత్తగా నడిచింది. నా గొంతు నాకే వినబడలేదు. ఆ తర్వాత ప్రార్థనలో తీర్పు దినపు భయం వర్ణించే చోటు వస్తుంది. రిహార్సళ్ళలో ఆ డ్రమ్మును గోదాము నుంచి తేలేదు, నోటితో "ధాం" అనేసి సరిపెట్టారు. ఆ డ్రమ్ము వాయించేది పక్క స్కూల్లో లెక్కల టీచరు, సన్నటి మనిషి. ఆయన చెయ్యెత్తాడు. నేను చూశాను, అయినా సిద్ధంగా లేను. ఆ దెబ్బకి కాళ్ళ కింద చెక్కలు అదిరాయి. హాలంతా ఒక్కసారి కుర్చీల్లోంచి లేచినట్టయింది. ఎవరో కెవ్వుమన్నారు. దళంలో ఒకాయన సగం లేచి నిలబడ్డాడు. మా ఆయన పూర్తిగా లేచారు. అన్ని కళ్ళూ చప్పుడు వచ్చిన వైపు తిరిగాయి. అక్కడ డ్రమ్ము, దాని పక్కన నెత్తిన నల్లగుడ్డ కప్పుకున్న నేను.

ఇప్పటికీ కళ్ళు మూసుకుంటే ఆ ముఖాలు కనబడతాయి. ద్వేషం లేదు వాటిలో. భయం, నాలో ఉన్నదే, అచ్చంగా అదే. పారిపోదామంటే ఎడమ పక్క గోడ. చెయ్యి చున్నీ దాకా వెళ్ళింది, తీయడానికో, పట్టుకోవడానికో నాకే తెలియదు. చెయ్యి కదిపితే ఇంకేమనుకుంటారోనని అక్కడే బిగుసుకుపోయింది. ప్రభువా అన్నాను, అంతకంటే పెద్ద ప్రార్థన రాలేదు. లెక్కల టీచరు పెదవులు కదలకుండా "సారీ" అన్నాడు. డ్రమ్ము చేసే పనికి డ్రమ్మువాడు క్షమాపణ అడగడం నా జన్మలో అదే. మాస్టారు కర్ర ఆగలేదు. ఆయన ఎడమ చెయ్యి చాచి మా ఆల్టో వాళ్ళ వైపు చూపించారు, అక్కడ మా వంతు. సోప్రానోలు ఆగుతారు, కింది గొంతు ఒక్కటే ఎత్తుకోవాలి. మొదటి మాట నాకు రాలేదు. రెండోది వచ్చింది. ఆల్టో అమ్మమ్మ గొంతు రెండు వరుసల ముందు నుంచి కంచు గంటలా వినబడింది, దాన్ని పట్టుకుని నడిచాను. దళం ఆయన కూర్చున్నాడు. మా ఆయన కూర్చున్నారు. మధ్యలో ఎప్పుడో చెయ్యి దానంతటదే కిందికి దిగింది, చున్నీ నెత్తినే ఉంది.

చివర్లో మాస్టారు ముందే చెప్పినట్టు ఎవరూ చప్పట్లు కొట్టలేదు. జనం మౌనంగా లేచి వెళ్ళిపోతుంటే, నేను పక్క గుమ్మం నుంచి జారుకోబోయాను. ఆ వసారాలో లైబ్రరీ ఆవిడ నిలబడి ఉంది. నా కోసమే. వెనక్కి తిరిగి వెళదామనుకున్నాను. అంతలోనే ఆవిడ దగ్గరికి వచ్చి, ముఖంలోకి చూసి, మెల్లగా అంది. "ఆ డ్రమ్ము దెబ్బ నుంచి నీ చేతుల్నే చూస్తూ కూర్చున్నాను. నువ్వు నాకు తెలుసు. తెలిసి కూడా భయంతో చూశాను. నీ చెయ్యి పైకి వెళ్ళింది, ఇక దాన్నే చూశాను. తర్వాత ఎప్పుడో చూడడం మర్చిపోయాను. మా తమ్ముడు గుర్తొచ్చాడు." నేనూ నిజమే చెప్పాను. "నేను మీ అందరినీ చూసి వణుకుతూ పాడాను. మొదటి మాట పాడలేదు కూడా." ఆవిడ తల ఊపింది. "ఆల్టో కదా, తెలియలేదులే" అంది. ఇద్దరం నవ్వబోయి ఆగాం. కౌగిలించుకోలేదు. ఆవిడ చెయ్యి చాచితే పట్టుకున్నాను, రెండు చేతులూ చల్లగా ఉన్నాయి. ఆ చేతిని పట్టుకునే, లైబ్రరీలో నోట రాని ప్రార్థన అక్కడ తెలుగులో చేశాను. అర్థం కాకపోయినా ఆవిడ కళ్ళు మూసుకుంది. మా ఆయన కొంచెం దూరంలో, టోపీ లేకపోయినా తీసినట్టు తల వంచుకుని నిలబడ్డారు.

ఆ తర్వాత ఆ కోరస్‌లో పన్నెండేళ్ళకు పైగా పాడాను. ప్రతి కచేరీకీ మళ్ళీ అదే భయం. కొందరు సోప్రానోలు కుర్చీలు తిరిగి దగ్గరికి జరుపుకున్నారు, ఒకావిడ ఎన్నడూ జరుపుకోలేదు. లైబ్రరీ ఆవిడ ఏటా వచ్చి కూర్చునేది. పుస్తకం మీద ముద్ర వేస్తూ ఈసారి ఏం పాడుతున్నారని అడిగేది. ఆ వసారా మాట మేమిద్దరం మళ్ళీ ఎత్తలేదు. ఆవిడ రిటైరై కొడుకు దగ్గరికి వెళ్ళిపోతూ చెప్పడానికి వచ్చినప్పుడు చూస్తే, ఆవిడ జుట్టూ తెల్లబడింది, నాదీ తెల్లబడింది. కాలం మా భయాన్ని తీసేసిందని నేను సాక్ష్యం చెప్పలేను. మమ్మల్ని మాత్రం ఒకరికొకరు అలవాటైన పాతవాళ్ళని చేసింది.